న్యాయ సలహా: ఇల్లు విడవకుండానే రక్షణ కోరవచ్చు

ఈ సంచికకు ఎంచుకున్న ఉత్తరాలన్నీ విజయవాడ, గుంటూరు పరిసరాల నుంచి వచ్చినవి. అన్నీ ఇంట్లో జరిగే హింస గురించినవే. రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు తీసేసి, ప్రశ్నలను కుదించి ఇస్తున్నాను. కోర్టు మెట్లెక్కితే కాపురం పోతుందని, భర్తను చేజేతులా జైలుకు పంపినట్టవుతుందని చాలా ఉత్తరాల్లో భయం కనిపించింది. ఆ భయంతోనే ఏళ్ల తరబడి దెబ్బలు భరిస్తున్నవారున్నారు కనుక మొదటి ఉత్తరానికి విపులంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నాకు పెళ్లయి పదకొండేళ్లు. ఇద్దరు పిల్లలు. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని చేస్తారు. నేను వన్‌టౌన్‌లో బట్టల కొట్లో పనికి వెళతాను. తాగి వచ్చిన రోజు ఆయన చెయ్యి చేసుకుంటారు. ఇల్లు మా అత్తగారి పేరు మీద ఉంది. నోరెత్తితే 'ఇది నా ఇల్లు, పిల్లల్ని తీసుకుని మీ అమ్మ దగ్గరికి పో' అంటారు. మా అమ్మకే జరుగుబాటు కష్టంగా ఉంది. ఒకసారి స్టేషన్‌కు వెళితే ఆయన్ని పిలిపించి మందలించి, ఇకమీదట కొట్టనని కాగితం రాయించుకుని పంపేశారు. నెల తిరక్కుండా మళ్లీ మొదలైంది. ఆయన్ని జైల్లో పెట్టించాలని నాకు లేదు, విడాకులూ వద్దు. దెబ్బలు ఆగితే చాలు. ఏదైనా దారి ఉందా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఉందమ్మా. మీరు అడుగుతున్న రక్షణ కోసమే పార్లమెంటు 2005లో గృహహింస నిరోధక చట్టం చేసింది. అది 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. మన కోర్టుల్లో 'డీవీసీ' అని పిలిచేది ఈ చట్టం కింద వేసే దరఖాస్తునే. భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద పెట్టే, అందరికీ 498-ఏగా తెలిసిన క్రిమినల్ కేసు వేరు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. పోలీసులు నమోదు చేసే ఆ కేసులో నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు, జరిమానా పడతాయి. డీవీసీ మీరు 12వ సెక్షన్ కింద నేరుగా మేజిస్ట్రేటుకు పెట్టుకునే దరఖాస్తు. కొట్టవద్దని, ఇంట్లోంచి గెంటవద్దని, ఇంటి ఖర్చుకు ఇవ్వాలని ఆయనను ఆదేశించమని అందులో కోరతారు. మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఆయన ధిక్కరిస్తేనే శిక్ష మాట వస్తుంది. అప్పుడు ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కాబట్టి జైలుకు వెళ్లాలో వద్దో తేలేది ఆయన నడవడికను బట్టే. విడాకుల ప్రస్తావన ఆ దరఖాస్తులో ఎక్కడా ఉండనక్కర్లేదు.

ఇక ఇంటి సంగతి. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది గనుక కోడలికి అందులో నిలువ నీడ లేదనే మాట మన వీధుల్లో ఎంత గట్టిగా నాటుకుపోయిందో నాకు తెలుసు. 2006లో వచ్చిన ఒక సుప్రీంకోర్టు తీర్పు కూడా ఆ మాటకు బలమిచ్చింది. అయితే 2020 అక్టోబరు 15న సతీష్ చందర్ అహూజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును తోసిపుచ్చింది. భార్యాభర్తలు స్థిరంగా కాపురం ఉన్న ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా అది 'ఉమ్మడి నివాసం' కిందికి రావచ్చని చెప్పింది. 17వ సెక్షన్ ప్రకారం మీకు ఆ ఇంటి మీద పట్టా ఉందా, వాటా ఉందా అన్నదానితో సంబంధం లేకుండా అక్కడ నివసించే హక్కు ఉంటుంది. చట్టప్రకారం తప్ప మరో విధంగా మిమ్మల్ని వెళ్లగొట్టకూడదు. ఆ హక్కుకు హద్దులున్నాయని కూడా చెప్పాలి. అత్తగారు వృద్ధురాలైతే ఆమె ప్రశాంతతను కూడా కోర్టు చూస్తుంది. ఒకే కప్పు కింద ఉండడం కుదరదనుకుంటే మీకు అదే స్థాయిలో వేరే ఇల్లు చూపించమనో, అద్దె కట్టమనో మీ భర్తను ఆదేశించవచ్చు. హింస తీవ్రంగా ఉంటే ఆయన్నే ఇల్లు వదిలి వెళ్లమనవచ్చు గానీ, ఇంట్లోని ఆడవారిని వెళ్లిపొమ్మని ఆదేశించే వీలు ఈ చట్టంలో లేదు. కనుక అత్తగారిని వెళ్లగొట్టించడం మీ ఉద్దేశం కాదని, కుదరదని ఆమెకు నచ్చజెప్పగల బంధువు ఎవరైనా ఉంటే ముందే చెప్పించండి. సగం పగ అక్కడే తగ్గుతుంది.

స్టేషన్‌లో మీకు జరిగినది చాలామందికి జరుగుతున్నదే. కుటుంబ తగాదాల్లో కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చని లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. కానీ కాగితం రాయించి పంపడంతో పోలీసుల బాధ్యత తీరదు. 5వ సెక్షన్ ప్రకారం గృహహింస ఫిర్యాదు అందిన పోలీసు అధికారి మీకు కొన్ని సంగతులు చెప్పి తీరాలి. మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని, రక్షణాధికారి సహాయం ఉంటుందని, ఉచిత న్యాయసహాయం దొరుకుతుందని, కావాలంటే క్రిమినల్ ఫిర్యాదు కూడా ఇచ్చే హక్కు ఉందని ఆయన చెప్పాలి. మీకు ఇవేవీ చెప్పినట్టు లేదు. అయినా ఆ రోజు మీ భర్త రాసిచ్చిన కాగితం వృథా కాలేదు. కొట్టినట్టు ఆయనే ఒప్పుకున్న సాక్ష్యం అది. దాని నకలు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

దరఖాస్తు ఎలా రాయాలన్నది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలా కేసులు బలహీనపడేది ఇక్కడే. 'రోజూ కొడతాడు, హింసిస్తాడు' అని రాస్తే మేజిస్ట్రేటుకు ఏమీ కనపడదు. 'సంక్రాంతి మర్నాడు రాత్రి తొమ్మిదింటికి, పిల్లల ఎదుట, అన్నం చల్లారిందని గరిటెతో ఎడమ మోచేతి మీద కొట్టారు, పక్కింటివాళ్లు వచ్చి ఆపారు, మర్నాడు ఆస్పత్రికి వెళ్లాను' అని రాయండి. తేదీ గుర్తులేకపోతే పండుగనో, పిల్లల పరీక్షలనో ఆనవాలు పెట్టుకుని రాయండి. ఆస్పత్రిలో ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. దెబ్బ ఎలా తగిలిందని డాక్టరు అడిగితే పరువు కోసం 'బాత్రూంలో జారిపడ్డాను' అంటారు. చీటీలో అదే రాసుకుంటారు, తరువాత కోర్టులో అవతలి వకీలు చదివి వినిపించేదీ అదే. భర్త కొట్టాడని చెప్పండి, ఓపీ చీటీలో అలాగే రాయించండి, ఆ చీటీని మీ అమ్మ దగ్గర దాచిపెట్టించండి. దెబ్బల ఫొటోలను మీకు నమ్మకమైన ఒకరి ఫోనుకు పంపించి మీ ఫోనులోంచి తీసేయండి.

దరఖాస్తు వేయడానికి వకీలు ఉండి తీరాలని లేదు. ప్రతి జిల్లాలో మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో రక్షణాధికారి ఉంటారు. ఆయనో ఆమో మీ కథ విని గృహహింస నివేదిక తయారుచేసి మేజిస్ట్రేటుకు పంపుతారు, దానికి ఫీజు ఉండదు. వకీలు కావాలనుకుంటే కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవల కార్యాలయానికి వెళ్లండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఏ మహిళకైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. అక్కడికి వెళ్లే వీలు లేకపోతే 15100 నంబరుకు ఫోను చేయండి. మొదటి విచారణ సాధారణంగా దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపు పెట్టాలని, ఆ విచారణ నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో అంత త్వరగా తేలడం అరుదు. వాయిదాల మీద వాయిదాలు పడతాయి. అందుకే మొదటి రోజే ప్రమాణపత్రం జతచేసి, 23వ సెక్షన్ కింద, కేసు తేలేలోపు వర్తించే మధ్యంతర ఉత్తర్వు కోరడం మరిచిపోకండి. ప్రమాదం ఉందనిపిస్తే అవతలివారు రాకముందే మేజిస్ట్రేటు ఆ ఉత్తర్వు ఇవ్వగలరు. దాని నకలు మీకూ, మీ స్టేషన్‌కూ ఉచితంగా అందాలి.

తాగుడు గురించి ఒక మాట. మీ ఇద్దరినీ, లేదా ఒక్క ఆయన్నే కౌన్సెలింగుకు పంపే అధికారం మేజిస్ట్రేటుకు 14వ సెక్షన్ కింద ఉంది. ఆయన మీద మీకింకా మమకారం ఉందని మీ ఉత్తరం చెబుతోంది కనుక ఇది కూడా కోరండి. ఈలోపు ఒక రాత్రి ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే దరఖాస్తు కోసం ఆగవద్దు. 112కు గానీ, మహిళా హెల్ప్‌లైన్ 181కు గానీ ఫోను చేయండి. సఖి వన్ స్టాప్ కేంద్రంలో పిల్లలతో సహా కొద్ది రోజులు తలదాచుకోవచ్చు. వైద్యం, న్యాయసలహా అక్కడే అందుతాయి. అలా ప్రాణభయంతో బయటికి వచ్చినంత మాత్రాన ఆ ఇంట్లో మీ హక్కు పోదు.

ప్రశ్న: మా అత్తవారిది హైదరాబాదు. వేధింపులు తట్టుకోలేక ఆరు నెలల కిందట గుంటూరులో మా నాన్నగారి దగ్గరికి వచ్చేశాను. నేను ఉద్యోగం చేస్తున్నాను. జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. నా బంగారం అత్తగారి లాకరులో ఉంది. పసుపుకుంకుమ కింద నాన్న నా పేర రాసిన అర ఎకరం కౌలు డబ్బు కూడా ఆయనే తీసుకుంటున్నారు. కేసు వేయాలంటే హైదరాబాదు తిరగాలా? కట్నం ఇచ్చామని చెబితే ఇచ్చినందుకు నాన్న మీద కూడా కేసు అవుతుందని బంధువులు భయపెడుతున్నారు.
— గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: హైదరాబాదు తిరగనక్కర్లేదు తల్లీ. మీరు తాత్కాలికంగా నివసిస్తున్న చోట కూడా దరఖాస్తు వేయవచ్చని 27వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది, కనుక గుంటూరు మేజిస్ట్రేటు కోర్టులోనే వేయండి. అత్తింటి నుంచి తరిమితే ఆశ్రయం పొందిన ఊళ్లోనే క్రిమినల్ ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ముందు చేయవలసిన పనికి కోర్టుతో నిమిత్తం లేదు. రేపే బ్యాంకుకు వెళ్లి ఆ ఏటీఎం కార్డును నిలిపివేయించండి, వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరిచి మీ కార్యాలయంలో ఆ నంబరు ఇవ్వండి. కౌలుదారుకు కూడా ఇకమీదట డబ్బు మీకే ఇవ్వాలని రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకోండి. మీ సంపాదన మీ చేతికి రానివ్వకపోవడం ఆర్థిక హింస అని ఈ చట్టంలోని 3వ సెక్షన్ చెబుతోంది. దెబ్బలు లేవు గదా, ఇది హింస ఎలా అవుతుందని మిమ్మల్ని ఎవరైనా అంటే ఆ సెక్షన్ చూపించండి.

బంగారం మీ స్త్రీధనం. పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తరువాత మీకు ఇచ్చినదంతా మీదే. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇచ్చితీరాలని, అది భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదని 2024 ఏప్రిల్‌లో కూడా సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. లాకరు తెరవకుండా నిషేధించమని 18వ సెక్షన్ కింద, నగలు తిరిగి ఇప్పించమని 19వ సెక్షన్ కింద కోరండి. రుజువు ఎలా అని కంగారుపడవద్దు. నగలకొట్టు బిల్లులు, పెళ్లి ఫొటోల్లో మీ ఒంటి మీదున్న హారం, గాజులు, వడ్డాణం, పెళ్లిలో చదివింపుల పుస్తకం, ఆ రోజు దగ్గరున్న మేనత్తలూ పిన్నులూ, అన్నీ రుజువులే. ఒక్కో నగకూ బరువు, ఎవరు పెట్టారు, ఏ సందర్భంలో పెట్టారు అని వరుసగా పట్టిక రాయండి.

నాన్నగారి భయం తీర్చండి. కట్నం ఇవ్వడం కూడా నేరమే అన్న మాట వరకట్న నిషేధ చట్టంలో ఉంది, నిజమే. కానీ అదే చట్టంలో 7వ సెక్షన్ మూడో ఉపసెక్షన్, నేరం వల్ల బాధపడినవారు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా వారి మీదే ఆ చట్టం కింద కేసు నడపకూడదని అంటుంది. ఈ రక్షణ సంగతి తెలియక, అవతలివారు బెదిరించగానే నోరు మూసుకున్న తండ్రులు ఎందరో ఉన్నారు. కట్నం, ఆడపడుచు లాంఛనాలు ఎంత ఇచ్చారో, ఎవరు అడిగితే ఇచ్చారో ఆయనను ఉన్నదున్నట్టు చెప్పమనండి.

ఉద్యోగం ఉన్నంత మాత్రాన మనోవర్తి అడిగే హక్కు పోదు. 2020లో రజ్నేష్, నేహా కేసులో వచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణపత్రంలో చూపాలి. రెంటినీ చూసి కోర్టు మొత్తం నిర్ణయిస్తుంది. ఆ పత్రంలో మీరు మీ జీతం దాచవద్దు.

ప్రశ్న: నా వయసు అరవై ఆరు. మాది తెనాలి. ఆయన పోయాక ఇల్లు నా కొడుక్కి దాన సెటిల్‌మెంట్ రాశాను. ఒకటో తారీఖున పింఛను 4,000 రూపాయలు చేతిలో పడగానే లాక్కుంటాడు. అడిగితే కొడతాడు, కోడలు బూతులు తిడుతుంది. కన్నకొడుకు మీద కూడా ఈ చట్టం పనిచేస్తుందా?
— ఒక తల్లి

జవాబు: పనిచేస్తుందమ్మా. ఈ చట్టం భార్యలకే అని చాలామంది అనుకుంటారు. తల్లి, అక్కచెల్లెళ్లు, వితంతువులైన వదినలు, మరదళ్లు ఎవరైనా ఒకే ఇంట్లో రక్త సంబంధం చేతగానీ వివాహ సంబంధం చేతగానీ ఉండి హింసకు గురైతే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016లో హిరల్ హర్సోరా కేసు తరువాత కోడలిని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. పింఛను లాక్కోవడం, కొట్టడం, తిట్టడం మూడూ ఇందులోకే వస్తాయి. ఇల్లు మీ పేర లేకపోయినా అందులో ఉండే హక్కు మీకుంది.

మీకు ఇంకో దారి కూడా ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద తెనాలి ఆర్డీఓ గారి ట్రిబ్యునల్‌లో తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి ఇప్పించవచ్చు. మిమ్మల్ని చూసుకుంటాడనే షరతుతో రాసిన దస్తావేజైతే దాన్ని రద్దు చేయమని కూడా 23వ సెక్షన్ కింద అడగవచ్చు. దస్తావేజులో ఆ షరతు ఉందో లేదో చదివించుకోండి. వృద్ధుల మేలు కోసమే ఈ చట్టం వచ్చింది గనుక దాన్ని ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అర్జీ రాసిపెట్టడానికి సచివాలయంలోని మహిళా పోలీసు సాయం అడగండి. పక్క ఇళ్లలో ఒకరిద్దరికి విషయం తెలియజేసి ఉంచండి.

ప్రశ్న: మా చెల్లెలికి, పాపకు కలిపి నెలకు ఇంత ఇవ్వాలని డీవీసీలో మధ్యంతర ఉత్తర్వు వచ్చి తొమ్మిది నెలలైంది. బావ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఇప్పుడు ఊరి పెద్దమనుషులు రాజీ చేస్తామని, ముందు కేసు వెనక్కి తీసుకుని ఖాళీ బాండు పేపరు మీద సంతకం పెట్టమని అడుగుతున్నారు. ఏం చేయమంటారు?
— మంగళగిరి దగ్గర నుంచి ఒక అన్న

జవాబు: ఖాళీ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి బాబూ. ఎవరు చెప్పినా, ఎంత దగ్గరివారైనా పెట్టవద్దు. కేసు ఉపసంహరించుకున్న మర్నాడు మీ చెల్లెలి చేతిలో ఏమీ మిగలదు. రాజీ మంచిదే. కానీ షరతులన్నీ రాసుకుని, కేసు పెండింగులో ఉండగానే మేజిస్ట్రేటు ముందో, లోక్ అదాలత్‌లోనో నమోదు చేయించండి. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. పెద్దమనుషులు నిజంగా మేలు కోరేవారైతే అక్కడికి వచ్చి కూర్చోవడానికి వారికి అభ్యంతరం ఉండదు.

బకాయి విషయంలో ఆలస్యం చేయవద్దు. డీవీసీ ఉత్తర్వులను మనోవర్తి ఉత్తర్వుల మాదిరిగానే అమలు చేస్తారు. అలా వసూలుకు వారెంటు కోరాలంటే, డబ్బు ఇవ్వవలసిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు వేయాలి. తొమ్మిది నెలలు అప్పుడే గడిచాయి. ఈ వారంలోనే వకీలును కలిసి బకాయిల పిటిషన్ వేయించండి. బావ ఉద్యోగి అయితే, జీతంలోంచి మినహాయించి నేరుగా చెల్లెలికి పంపమని యజమానిని ఆదేశించే అధికారం 20వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు ఉంది. ఆయన పనిచేసే సంస్థ చిరునామా, జీతం చీటీ దొరికితే జతచేయండి.

ప్రశ్న: మా అపార్టుమెంటులో కింది వాటాలో ఒకావిడ ఏడుపు తరచూ వినిపిస్తుంది. ఫిర్యాదు చేస్తే మమ్మల్ని కోర్టుల చుట్టూ తిప్పుతారేమోనని మా వారు వద్దంటున్నారు.
— ఒక గృహిణి, భవానీపురం

జవాబు: హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉంటే ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద సివిల్‌గా గానీ క్రిమినల్‌గా గానీ ఏ బాధ్యతా ఉండదని 4వ సెక్షన్ హామీ ఇస్తోంది. 181కు ఫోను చేసినా సరిపోతుంది. అయితే వీలుంటే ముందు ఆవిడతో ఒంటరిగా మాట్లాడండి. భర్త ఇంట్లో లేని వేళ, లిఫ్టు దగ్గరో, మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడో కలిసి, ఏం కావాలో ఆవిడనే అడగండి. ఆవిడకు తెలియకుండా పోలీసులు గుమ్మంలోకి వస్తే, వాళ్లు వెళ్లాక ఆ రాత్రి ఆవిడ మీద పడే దెబ్బలు ఇంకా ఎక్కువ కావచ్చు. అరుపులు ప్రాణాపాయంగా వినిపిస్తే మాత్రం ఎవరినీ అడగకుండా వెంటనే 112కు ఫోను చేసి, వాచ్‌మన్‌నూ, ఇంకో ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లి తలుపు కొట్టండి.